జాబ్ కార్డులో చేరని శబ్దం

సంపాదకులకు నమస్కారం.

విద్యుత్ కారు వారంటీ అనగానే అమ్మేవారూ కొనేవారూ బ్యాటరీ గురించే మాట్లాడుకుంటారు. 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు అనే హామీ చాలా కార్ల విషయంలో వినిపిస్తుంది కాబట్టి, కారు మొత్తానికీ అదే వర్తిస్తుందన్న భరోసా మనసులో పడిపోతుంది. చక్రాలు, సస్పెన్షన్, స్టీరింగ్ వంటి భాగాలకు ఉండేది వేరే వారంటీ. నా కారుకు అది 3 ఏళ్లే. ఆ గడువు చివర్లో మొదలైన ఒక మోతను కాగితం మీదికి ఎక్కించుకోకపోవడం వల్ల నాకు జరిగిన నష్టం మరొకరికి జరగకూడదని ఈ లేఖ రాస్తున్నాను.

నేను ఉద్యోగరీత్యా రోజూ విజయవాడ నుంచి గుంటూరుకు కారులో వెళ్లి వస్తాను. కారు కొన్న 2 ఏళ్ల 10 నెలలకు, వేగం 50 దాటగానే ముందు ఎడమ వైపు నుంచి తుమ్మెద రొద లాంటి మోత వినిపించసాగింది. 80 దగ్గర అది పక్క సీటులో కూర్చున్నవారు కూడా అడిగేంతగా పెరిగేది. సర్వీసుకు ఇచ్చినప్పుడు ఆ మాట చెప్పాను. అడ్వైజర్ కారును ఆవరణలోనే ఒక చుట్టు తిప్పి, "ఇంజిన్ చప్పుడు ఉండదు కదండీ, అందుకే టైర్ల మోత తెలుస్తుంది, ఈవీలన్నీ ఇంతే సార్" అన్నారు. జాబ్ కార్డులో, అంటే కారుకు చేయవలసిన పనులు రాసుకునే సర్వీసు కాగితంలో, సాధారణ సర్వీసు అని మాత్రమే రాశారు, నేను సంతకం చేశాను. వారి సలహా మీదే అలైన్‌మెంట్ చేయించి, ముందు టైర్లు రెండూ కొత్తవి వేయించాను. మోత అలాగే ఉంది. 3 ఏళ్లు దాటిన నెలకు మళ్లీ తీసుకువెళ్తే అప్పుడు కారును లిఫ్ట్ ఎక్కించి, ఎడమ ముందు చక్రం బేరింగ్, అంటే చక్రం నునుపుగా తిరగడానికి దాని మధ్యలో ఉండే భాగం, పోయిందని తేల్చారు. గడువు ముగిసిందన్నారు, ముగియకపోయినా బేరింగ్ అరిగిపోయే వస్తువే కదా అన్నారు. మూడు నెలల క్రితమే చెప్పానంటే, ఎక్కడ రాసి ఉందో చూపించమన్నారు. చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు.

అడ్వైజర్ చెప్పినదాంట్లో సగం నిజముంది. ఇంజిన్ లేని కారులో టైరు రొద, గాలి హోరు స్పష్టంగా వినిపిస్తాయి. కానీ బేరింగ్ మోత కూడా అంతే స్పష్టంగా వినిపిస్తుంది కాబట్టి, పెట్రోలు కారులో ఆలస్యంగా బయటపడే లోపాన్ని ఇక్కడ ముందుగానే పట్టుకోవచ్చు. ఆ అవకాశాన్నే సాకుగా మార్చడం నాకు బాధ కలిగించింది. ఏది ఏ మోతో తేల్చడానికి పెద్ద యంత్రాలేమీ అక్కరలేదు. టైరు మోత అయితే తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డుకు మారగానే స్వరం మారుతుంది, ముందు టైర్లను వెనక్కి మారిస్తే మోత కూడా వెనక్కి పోతుంది. మోటారు లేదా గేర్ల మోత అయితే యాక్సిలరేటర్ నొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఇంకోలా ఉంటుంది. బేరింగ్ మోత సాధారణంగా చక్రం వేగాన్ని బట్టే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. ఖాళీ రోడ్డు మీద స్టీరింగ్‌ను కాస్త కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది, అప్పుడు మోత పెరిగి, ఎడమకు తిప్పినప్పుడు తగ్గితే అనుమానించవలసింది ఎడమ బేరింగ్‌నే. ఆ తర్వాత కారును పైకి లేపి, ఒక చేయి సస్పెన్షన్ స్ప్రింగు మీద ఉంచి మరో చేత్తో చక్రం తిప్పితే, పాడైన బేరింగ్ గరగర స్ప్రింగులో చేతికి తగులుతుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ప్లే, అంటే వదులు, ఉందో లేదో తెలుస్తుంది. అయితే ప్లే లేనంత మాత్రాన బేరింగ్ బాగున్నట్టు కాదు, మోత ముందు వచ్చి ప్లే తర్వాత రావచ్చు. ఇదంతా అరగంట పని. నా కారుకు మొదటి రోజు ఇందులో ఒక్కటీ చేయలేదు.

అరిగిపోయే వస్తువన్న వాదన గురించి కూడా చెప్పాలి. బ్రేక్ ప్యాడ్లు, వైపర్ బ్లేడ్లు, టైర్లు వాడే కొద్దీ అరుగుతాయని అందరికీ తెలుసు. ఈ కాలపు చక్రం బేరింగ్ అలాంటిది కాదు. గ్రీజు లోపలే పెట్టి సీలు చేసి వచ్చే భాగమది, యజమాని దానికి చేయగలిగిన సేవ ఏమీ లేదు. బ్యాటరీ వల్ల కారు బరువు ఎక్కువన్నది తయారీదారుకు ముందే తెలిసిన సంగతి, దానికి తగిన బేరింగ్ వేయడం వారి పని. గుంతలో పడి దెబ్బ తగిలినా, సీలు దాటి నీరు చేరినా బేరింగ్ పోతుందని నేనూ ఒప్పుకుంటాను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మునిగిన కార్లకు అలాంటి నష్టం జరిగి ఉంటే దాన్ని బీమా కింద అడగాలి, వారంటీ కింద కాదు. నా కారు ఆ నీళ్లలో లేదు. దెబ్బ వల్లనో నీటి వల్లనో పోయిందని చెప్పదలిస్తే, విప్పిన బేరింగ్‌ను యజమానికి చూపించి, కారణాన్ని రాసి ఇవ్వాలి.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం చెల్లించిన ధర 50 లక్షల రూపాయల వరకు ఉన్న కేసులను జిల్లా వినియోగదారుల కమిషన్ విచారిస్తుంది, మనం నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు, వ్యాజ్య కారణం తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్ల గడువుంటుంది. పరీక్షిస్తే తప్ప లోపం తేలదనుకుంటే వస్తువును ప్రయోగశాలకు పంపే అధికారం కూడా కమిషన్‌కు ఉంది. 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వారు దారి చెబుతారు. కానీ ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది కాగితమే.

అందువల్ల రాష్ట్ర పౌరసరఫరాలు, వినియోగదారుల వ్యవహారాల శాఖకూ, కార్ల తయారీదారులకూ నా విన్నపం ఇది. కారు యజమాని చెప్పిన ఫిర్యాదును అతని మాటల్లోనే, తేదీతో, అప్పటికి తిరిగిన కిలోమీటర్లతో జాబ్ కార్డులో రాయడం తప్పనిసరి చేయాలి. లోపం కనబడలేదంటే ఏ పరీక్షలు చేసి ఆ మాట అంటున్నారో కిందే రాయాలి. గడువులోపల నమోదైన లోపం గడువు దాటాక నిర్ధారణ అయినా ఉచితంగా బాగుచేయాలి. చక్రం బేరింగ్ వారంటీలో ఉందో లేదో దాని పేరుతోనే, తెలుగులో కూడా, వారంటీ పుస్తకంలో అచ్చువేయాలి.

ఇట్లు,
ఒక విద్యుత్ కారు యజమాని,
విజయవాడ