రాయకుండా ఉంచుకున్నవి

అమ్మడూ,

రాత్రి ఫోన్‌లో నువ్వు "బాగానే ఉన్నానమ్మా" అన్న తీరు నాకు నచ్చలేదు. ఆ "బాగానే" దగ్గర నువ్వు తీసిన దీర్ఘం చాలు నాకు. ఫోన్‌లో చెప్దామంటే మధ్యలో "సరేలే అమ్మా" అంటావు, నేను ఆగిపోతాను, అందుకే ఉత్తరం రాస్తున్నా. దీనికి అడ్డు రాలేవు కదా.

ఉద్యోగం మానేసి ఆరు నెలలైంది. పొద్దున తొమ్మిదికి కూర్చుంటే రాత్రి పదకొండు దాకా నవల ముందే ఉంటున్నానని, అయినా నెలకి పాతిక పేజీలు తేలట్లేదని, వాటిలోనూ సగం మర్నాడు కొట్టేస్తున్నానని చెప్పావు. బయటికెళ్తే ధ్యాస చెదిరిపోతుందని స్నేహితుల దగ్గరికి వెళ్లడం మానేశావట. వాక్యం లయ చెడిపోతుందని పాటలు వినడం కూడా మానేశావట. ఇవన్నీ నువ్వు ఏదో దీక్ష పట్టినదానిలా వరసగా చెప్తుంటే నాకు అప్పటికప్పుడు ఏమనాలో తోచలేదు. తెల్లారాక తోచింది. నువ్వు మానేసినవాటిలో ఒక్కదాన్ని కూడా మానెయ్యమని నీ నవల నిన్ను అడగలేదు.

"నీకేం, ఉద్యోగం చేసుకుంటూ తీరిగ్గా రాశావు" అంటావని తెలుసు. తీరిక ఎక్కడిదే! పొద్దున మీరు లేవకముందు గంటన్నర, అంతే నాకు దక్కింది, పాతికేళ్ల పాటు. రిటైరయ్యాక రోజంతా నా చేతికొచ్చింది కదా, ఇక చూసుకో అనుకున్నా. ఆ మొదటి ఏడాది నేను రాసినవి రెండంటే రెండు కథలు, అందులో ఒకటి నాకే నచ్చదు. పదింటికి కూర్చునేదాన్ని, బల్ల సర్దేదాన్ని, రాసిన పేరా మళ్లీ చదివేదాన్ని, ఒక కామా తీసేదాన్ని, మధ్యాహ్నం దాకా ఆలోచించి ఆ కామా మళ్లీ పెట్టేదాన్ని. మీ నాన్న గదిలోకొస్తే కసిరేదాన్ని, రాకపోతే నన్నెవరూ పట్టించుకోరని ముడుచుకునేదాన్ని. పాపం ఆ మనిషి గుమ్మం దగ్గర నిలబడి లోపలికి రావాలో వద్దో తేల్చుకోలేక వెనక్కి వెళ్లిపోవడం నేను ఓరకంట చూసేదాన్ని కూడా. గంటన్నరే ఉన్న రోజుల్లో, ఆ గంటన్నర కోసం లోపలెక్కడో రోజంతా పని జరుగుతూ ఉండేది. ఆఫీసులో ఫైలు చూస్తున్నా, బస్సులో నిలబడ్డా సరే. పొద్దస్తమానం బల్ల ముందే కూర్చున్నాక ఆ లోపలి మనిషి పని మానేసింది. దానికి ఊపిరాడే చోటు లేకుండా పోయింది మరి.

ఆంటనీ ట్రాలప్ అని ఇంగ్లీషు నవలాకారుడు ఉన్నాడు చూడు, ఆయన 1834లో తపాలా శాఖలో చేరి 1867 దాకా ఉద్యోగం చేశాడు, మొత్తం మీద 47 నవలలు రాశాడు. పొద్దున అయిదున్నరకల్లా బల్ల దగ్గర కూర్చుని, మొదటి అరగంట నిన్న రాసింది చదువుకుని, ఆ తర్వాత వాచీ ఎదురుగా పెట్టుకుని పావుగంటకి 250 మాటల లెక్కన రాసేవాడట. ఎనిమిదిన్నరకి లేచేవాడు. ఈ లెక్కంతా ఆయనే ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆయన పోయాక 1883లో ఆ పుస్తకం అచ్చయితే, ఇదేం రాత, గుమాస్తా పని లాగా ఉందే అని చాలామంది మొహం చిట్లించారు. ఆ పావుగంట లెక్క నాకూ పడదులే, నేను పావుగంటలో 250 మాటలు రాస్తే తర్వాత రెండొందలు కొట్టెయ్యాల్సి వస్తుంది. నాకు ముచ్చటేసేది ఆ ఎనిమిదిన్నరకి లేవడం. లేచాక ఇక రచయిత అన్న మాటే గుర్తు పెట్టుకోనట్టు తపాలా పని మీద దేశాలు తిరిగాడు, గుర్రమెక్కి వేటకి పోయాడు, జెర్సీ దీవిలో 1852లో రోడ్డు పక్కన నిలువు పోస్టు డబ్బాలు పెట్టించాడు. మనం ఎర్ర డబ్బాలో ఉత్తరం వేసినప్పుడల్లా అందులో ఆయనకీ కాస్త వాటా ఉందని నాకనిపిస్తుంది.

జర్మన్ భాషలో రాసిన ఆ కాఫ్కా ఒక్క రాత్రిలో కథ రాసెయ్యలేదా అని నువ్వోసారి నాతో వాదించావు. రాశాడు, కాదన్లేదు. 1912 సెప్టెంబరు 22న, రాత్రి పదింటికి కూర్చుని తెల్లవారి ఆరింటికి లేచాడు. కాళ్లు ఎంతగా బిగుసుకుపోయాయంటే బల్ల కింద నుంచి లాక్కోవడమే కష్టమైందని డైరీలో రాసుకున్నాడు. అదే డైరీ నిండా రాత సాగక కొట్టుకున్న రోజులూ ఉన్నాయి, వాటి గురించి ఎవరూ పోస్టర్లు వెయ్యరు. అలాంటి రాత్రి వస్తే కూర్చో, నేనొద్దన్లేదు. రోజూ రాత్రి దాని కోసం తలుపు తెరుచుకుని కాపలా కాయకు.

సరే, నేను చెప్పాలనుకున్నది ఇది కూడా కాదు. రాయడంలో నీకు సరదా ఎక్కడుందో మర్చిపోయావేమోనని నా భయం.

నాకెక్కడుందో చెప్తా. కిందటి నెల ఒక కథలో సాయంత్రం పూట ఒకావిడ గేటు దగ్గర నిలబడాలి. "సంధ్యా సమయంలో" అని రాశాను. ఛందస్సు మాస్టారు వచ్చి నిలబడ్డట్టుంది ఆవిడ పక్కన. "చీకటి పడుతుండగా" అన్నాను, అది పోలీసు రిపోర్టులా ఉంది. "మసక వెలుతురులో" అన్నాను, అది ఎవరి కథలోనైనా ఉంటుంది. విసుగొచ్చి వదిలేశాను. మర్నాడు ఆరిన బట్టలు మడతపెడుతున్నా, నీ పాత దుప్పటి రెండు కొసలూ కలవట్లేదు, గడ్డం కింద ఒక కొస నొక్కిపెట్టి రెండోది లాగుతున్నా, అప్పుడు మా అమ్మమ్మ గొంతు వినిపించింది, "మునిమాపు వేళ గుమ్మంలో నిలబడకే" అని. మునిమాపు! ముప్పై ఏళ్లుగా ఎవరి నోటా వినలేదు నేను ఆ మాట. దుప్పటి అలాగే వదిలేసి వెళ్లి రాశాను. ఆవిడ గేటు దగ్గర సరిగ్గా నిలబడింది. ఆ పూటంతా ఎవరో నాకు బహుమతి ఇచ్చినట్టు తిరిగాను, మీ నాన్న "ఏమైంది, నవ్వుకుంటున్నావ్" అంటే ఒక్క మాట దొరికిందన్నాను, ఆయన తల ఊపి పేపర్లోకి వెళ్లిపోయాడు. పుస్తకం అచ్చయినప్పుడు కూడా ఇంత సంతోషం లేదు తెలుసా. పుస్తకం అచ్చయితే అందులో తప్పులే కనిపిస్తాయి ముందు.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. రెండు విశేషణాలు తీసేస్తే వాక్యం తేలిగ్గా లేచి కూర్చోవడం. బాల్‌పెన్ను కొత్త కాగితం మీద మొదటి గీత గియ్యడం. పాత్ర ఒకటి మనం అనుకోని మాట అనేసి మనల్నే నవ్వించడం. నువ్వు పదకొండు దాకా కూర్చుంటే ఇవి నీ ముందు నుంచే వెళ్తాయి, కానీ అలిసిపోయిన కళ్లకి ఆనవు. (కళ్లంటే గుర్తొచ్చింది, తెర చూసేటప్పుడు మనం రెప్ప వెయ్యడం బాగా తగ్గిపోతుంది, నీ కళ్లమంట అందుకే. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల అవతల ఉన్నదేదైనా ఇరవై సెకన్లు చూడు. కళ్ల డాక్టర్లు చెప్పే లెక్కే.)

ఇప్పుడు రెండో వైపు కూడా చెప్పాలి, ఇది ఇన్నేళ్లూ నీకు చెప్పలేదు.

నీకు ఆరేళ్లప్పుడు మూడు రోజులు జ్వరం వచ్చింది. అర్ధరాత్రి నీ నుదుటి మీద తడిగుడ్డ మారుస్తున్నా. గుడ్డ తీసి చూస్తే అంచులన్నీ అప్పుడే ఆరిపోయి, మధ్యలో మాత్రం చిన్న మడుగులా తడి మిగిలుంది. ఆ క్షణంలో నాకు ముందు వచ్చిన ఆలోచన పిల్లకి ఇంత వేడి ఉందేమిటని కాదు, ఈ ఆరిన అంచు ఎక్కడో పనికొస్తుందని. ఆ గుడ్డ చేత్తో పట్టుకుని వాక్యం వెతుక్కుంటూ ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలీదు. నువ్వు కదిలి "అమ్మా, చలి" అన్నావు. ఆ వాక్యం రాశాను కూడా. కథ అచ్చయింది. సరిగ్గా ఆ వాక్యాన్నే ఎత్తి చూపి మెచ్చుకుంటూ ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం నేనెవరికీ చూపించలేదు.

అప్పట్నించీ కొన్నిటిని రాయకుండా ఉంచుకుంటున్నా. నియమం అంటే పెద్ద మాటవుతుంది, అలవాటు అనుకో. బాగున్నది కనిపించగానే మనసు కాగితం పెన్ను తీస్తుంది చూడు, అప్పుడు దాని చెయ్యి పట్టుకుంటా. ఇది నాకు, కథకి కాదు అని చెప్తా. మీ నాన్న పేపర్ చదువుతూ పెదాలు కదిలిస్తాడు, చిన్నపిల్లాడు కూడబలుక్కుంటున్నట్టు. అది ఇంతవరకూ ఏ కథలోనూ పెట్టలేదు. అదిగో, ఇప్పుడు నీకు రాసేశాను. ఇంకా చాలా ఉన్నాయిలే, అవి మాత్రం రాయను. నువ్వు స్నేహితుల దగ్గరికి వెళ్లు, కానీ వాళ్ల మాటలు ఏరుకోవడానికి వెళ్లకు. రావిశాస్త్రి గారు లాయరు, కోర్టుకొచ్చే మనుషుల గొంతులు ఆయన కథల్లో అలా పలికాయంటే ఆ మనుషులతో ఆయనకి కథకి ముందు వేరే పని ఉంది. నువ్వు వాళ్లతో నవ్వడానికి వెళ్లు. పాటలు పెట్టుకో. లయ చెడితే చెడనీ, మళ్లీ దొరుకుతుంది.

డబ్బు సంగతి కూడా ఒక్క ముక్క. చేతిలో ఉన్నది ఎన్ని నెలలకి వస్తుందో లెక్క వేసి కాగితం మీద పెట్టు. తల్లో పెట్టుకుంటే ప్రతి పేరా దగ్గరా వచ్చి కూర్చుంటుంది. తగ్గుతోందనిపిస్తే పూటపని ఏదైనా చూసుకో, అందులో నామోషీ ఏం లేదు. నవల పాతికేళ్ల అమ్మాయి లాంటిది, దాని మీద ఇంటి ఖర్చంతా పెడితే అది కూడా పారిపోతుంది.

ఇక రాత్రి ఎప్పుడు ఆపాలి అన్నావు కదా. అమెరికన్ నవలాకారుడు హెమింగ్వే చెప్పిన చిట్కా ఒకటుంది, తర్వాత ఏం జరగబోతోందో తెలిసినప్పుడే ఆ రోజుకి ఆపెయ్యమని. నువ్వు దానికి ఎదురు చేస్తున్నావు, తెలిసిందంతా రాత్రికే ఊడ్చేసి పొద్దున ఖాళీ బావి ముందు కూర్చుంటున్నావు. సాయంత్రం అయిదింటికి, సీను మధ్యలో, వాక్యం మధ్యలో అయినా సరే, లేచిపో. ఫోన్ ఇంట్లో పెట్టి నడిచిరా. మొదటి వారం రోజులూ నీ చేతులు ఊరుకోవు, నాకు తెలుసు, నావీ ఊరుకోలేదు.

నీ మూడో అధ్యాయం పంపావు కదా, అందులో ఆ తమ్ముడి పాత్ర గురించి ఒక మాట చెప్పాలి. ఏం చెప్పాలో నాకు బాగా తెలుసు. అందుకే ఇక్కడ ఆపుతున్నా. మబ్బు పట్టింది, పైన బట్టలున్నాయి, నీ దుప్పటి కూడా వాటిలోనే ఉంది.

అమ్మ