కుర్చీ ఎవరిది, గల్లాపెట్టె ఎవరిది అని అడగండి

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో బ్యూటీ పార్లర్లు పెరిగిన కొద్దీ, వాటిలో పనిచేసే ఆడపిల్లల చేత వంద రూపాయల స్టాంపు కాగితం మీద తాము ఉద్యోగులం కామని, స్వయం ఉపాధి చేసుకుంటున్న బ్యూటీషియన్లమని రాయించుకోవడం కూడా మామూలైపోయింది. అలాంటి కాగితం మీద సంతకం పెట్టి ఆరేళ్లు పనిచేశాను. ఇప్పుడు నాలుగేళ్లుగా పెళ్లికూతుళ్లకు మేకప్ చేస్తూ నిజంగానే నా కాళ్ల మీద నేను బతుకుతున్నాను. రెండూ అనుభవించాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను పనిచేసిన చోట పొద్దున పదింటికల్లా యంత్రం మీద వేలిముద్ర వేయాలి. పది నిమిషాలు దాటితే వంద రూపాయల కోత. ఐబ్రోస్‌కు ఎంత, ఫేషియల్‌కు ఎంత అనేది గోడకు అంటించిన పట్టికలో యజమానురాలు నిర్ణయించినదే తప్ప, కాలేజీ పిల్ల ఎవరైనా చిల్లర చాలక నిలబడితే పది రూపాయలు తగ్గించే అధికారం కూడా నాకు లేదు. డబ్బు ఆమె గల్లాపెట్టెలోకో, దాని పక్కన పెట్టిన క్యూఆర్ కోడ్ ద్వారా ఆమె ఖాతాలోకో పోయేది. నెలాఖరున అందులో 30 శాతం లెక్కగట్టి కమీషన్ అని ఇచ్చేవారు. వచ్చినవాళ్లకు నా ఫోన్ నంబరు ఇవ్వకూడదు. సద్దుల బతుకమ్మ ముందు వారంలోనూ, మాఘమాసం పెళ్లిళ్లప్పుడూ సెలవు మాట ఎత్తకూడదు. మానేశాక రెండేళ్ల వరకు ఐదు కిలోమీటర్ల లోపల పార్లర్ పెట్టకూడదని కూడా ఆ బాండులోనే ఉంది. వృత్తి చేసుకోకుండా ఇలా కట్టడి చేసే ఒప్పందం 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదని తర్వాతెప్పుడో ఒక వకీలు చెప్పారు గానీ, అప్పటికే ఆ భయంతో ఏడాది పోగొట్టుకున్నాను.

ఒకరోజు కాగుతున్న వాక్స్ డబ్బా జారి నా ఎడమ ముంజేతి మీద పడింది. పన్నెండు రోజులు చెయ్యి ఎత్తలేకపోయాను. మందుల ఖర్చు అడగబోతే, "నువ్వు ఉద్యోగివి కావు కదమ్మా, స్వయం ఉపాధి కదా" అన్నారు. ఆ కాగితంలో రాసిన మాటకు అర్థం నాకు అప్పుడు తెలిసింది.

ఇప్పుడు నా రేటు నేనే చెబుతాను. పరకాల నుంచి పిలుపు వస్తే పోవాలో వద్దో నేనే తేల్చుకుంటాను. కొన్న సామాను గడువు దాటి పాడైతే ఆ నష్టం నాదే, పెళ్లి ఆగిపోతే అడ్వాన్సు తిరిగి ఇచ్చేదీ నేనే. నా స్నేహితురాలు ఒకామె సుబేదారిలో ఒక పార్లర్‌లో కుర్చీ అద్దెకు తీసుకుంది. నెల అద్దె కట్టేస్తుంది, తనవాళ్లను తాను పిలుచుకుంటుంది, డబ్బు తన ఖాతాలోనే పడుతుంది, ఊరికి పోవాలంటే సొరుగుకు తాళం వేసుకుని పోతుంది. అది స్వయం ఉపాధి. ఇలాంటివారిని బలవంతంగా ఉద్యోగుల పట్టీలో రాయమని నేను కోరడం లేదు.

చట్టం ఈ తేడాను ఎప్పుడో గుర్తించింది. అప్పటి తెలంగాణ ప్రాంత దుకాణాలు, సంస్థల చట్టం కింద సిల్వర్ జూబ్లీ టైలరింగ్ హౌస్ దర్జీల వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. వాళ్లకు ఇచ్చేది జీతం కాదు, కుట్టినదానికి ఇంత అనే లెక్క. అయినా మిషన్లు దుకాణానివి, కుట్టు నచ్చకపోతే విప్పి మళ్లీ కుట్టమనే అధికారం యజమానిది కాబట్టి వాళ్లు ఉద్యోగులేనని 1973లో తీర్పు వచ్చింది. ఇక బీడీల సంగతి మన ఉత్తర తెలంగాణలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. జగిత్యాల, నిజామాబాద్ వైపు అక్కాచెల్లెళ్లు ఇంటి అరుగు మీద కూర్చుని, వెయ్యి బీడీలకు ఇంత అని చేసినా పీఎఫ్‌కు అర్హులయ్యారు. బాగా లేని బీడీలను తీసి పక్కన పడేసే హక్కు కంపెనీకి ఉండటమే అజమాయిషీకి గుర్తని కోర్టు అన్నది. ఇంట్లో కూర్చుని చేసేవారే ఉద్యోగులైనప్పుడు, వేలిముద్ర వేసి పదకొండు గంటలు నిలబడే పార్లర్ అమ్మాయి ఎలా కాకుండా పోతుంది?

దీని వెనక ఉన్నది పదిమంది లెక్క. పదిమంది పనివాళ్లుంటే ఈఎస్ఐ, అంటే కార్మికుల బీమా పథకం, వర్తిస్తుంది. మా పార్లర్‌లో మేం పన్నెండు మందిమి, రిజిస్టరులో మాత్రం నలుగురే. మిగతా ఎనిమిది మందీ కాగితం మీద స్వయం ఉపాధి. నిజానికి ఎంత భారమని? నెలకు పన్నెండు వేలు వచ్చే మనిషికి యజమాని వంతు 3.25 శాతం, అంటే 390 రూపాయలు. మనిషి వంతు 0.75 శాతం, అంటే 90 రూపాయలు. అది కట్టి ఉంటే పనిలో గాయపడిన ఆ పన్నెండు రోజులకు వైద్యంతో పాటు కూలిలో 90 శాతం నాకు అందేది. రెండు కుర్చీలు వేసుకుని అద్దెలు కట్టలేక సతమతమయ్యే చిన్న యజమానుల ఇబ్బంది నాకు తెలుసు, నేను వారిని అనడం లేదు.

కార్మిక శాఖ అధికారులకు నా విన్నపం ఇది. తనిఖీకి వచ్చినప్పుడు బాండు పేపరు చూసి వెనుదిరగవద్దు. రేటు ఎవరు పెడుతున్నారు, డబ్బు ముందు ఎవరి చేతికి పోతున్నది, సెలవుకు ఎవరి అనుమతి కావాలి, నష్టం వస్తే ఎవరు భరిస్తున్నారు అని అడగండి. యజమాని ఎదుట కాదు, అమ్మాయిలను విడిగా కూర్చోబెట్టి అడగండి. వేలిముద్ర యంత్రంలోని హాజరు, వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఆదేశాలు చూడండి. పార్లర్లలో ఉన్న చెల్లెళ్లు కూడా నెలనెలా ఇచ్చే కమీషన్ చీటీలను, ఆ వాట్సాప్ సందేశాలను చెరిపేయకుండా దాచుకోవాలి. నేను దాచుకోలేదు, అందుకే చేతి మీద మచ్చ తప్ప ఆ ఆరేళ్లకు నా దగ్గర మరో రుజువు లేదు.

ఇట్లు,
ఒక బ్యూటీషియన్,
హనుమకొండ