తోట ఒకచోట, ఫ్యాక్టరీ మరోచోట

సంపాదకులకు నమస్కారం.

మామిడి సీజన్ వస్తే మన జిల్లాలో అందరూ ధర గురించే మాట్లాడతారు. మాట్లాడాల్సిందే. కానీ గుజ్జు ఫ్యాక్టరీ ఎక్కడ పెడుతున్నారు, దానికి కాయ ఎంత దూరం నుంచి పోతోంది అన్నది ఎవరూ అడగడం లేదు. మా నష్టంలో సగం అక్కడే ఉంది.

2025 జులైలో ఐదు టన్నుల తోతాపురి ట్రాక్టరుకెత్తుకుని చిత్తూరు దగ్గర ఒక గుజ్జు ఫ్యాక్టరీకి పోయాను. మా వెదురుకుప్పం వైపు నుంచి లోడుతో రెండు గంటల దారి. గేటు ముందు రెండు రాత్రులు, మూడు పగళ్లు ఉన్నాను. చేతిలో టోకెన్ ఉంది, లైను కదలదు. రెండోరోజు మధ్యాహ్నానికి అడుగు కాయ నలిగి ట్రాలీ సందుల్లోంచి రసం కారడం మొదలైంది. రోడ్డు మీద మడుగు కట్టి ఈగలు ముసిరాయి. నా ముందున్నాయన ఎండకు టార్పాలిన్ కప్పేవాడు, ఉక్కకు కాయ మెత్తబడుతుందని మళ్లీ దిగి తీసేసేవాడు. రాత్రంతా అదే పని. మూడోరోజు కాటా దగ్గర మెత్తబడిన కాయంతా పక్కకు తోసేశారు. బాడుగ, కోత కూలి పోగా మిగిలింది మందుల కొట్టు బాకీకి కూడా చాల్లేదు.

ఆ ఏడాది ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలని, తాను 4 రూపాయలు కలుపుతానని ప్రభుత్వం ప్రకటించింది. పక్క రాష్ట్రాల తోతాపురి జిల్లాలోకి రాకుండా ఆపారు. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్యగారు మన ముఖ్యమంత్రికి ఉత్తరం కూడా రాశారు. మా కాయకు దారి దొరుకుతుందిలే అని అప్పుడు నేనూ సంతోషించాను. తర్వాత ఆలోచిస్తే మనసు ఒప్పలేదు. కోలారు జిల్లా శ్రీనివాసపురం అంత పెద్ద మామిడి సీమ. అక్కడి రైతులు కూడా తోతాపురి అమ్ముకోవడానికి మన చిత్తూరు ఫ్యాక్టరీల వైపే చూస్తున్నారు. వాళ్ల తోటల దగ్గరే సరిపడా ఫ్యాక్టరీలుంటే ఆ లారీ మన చెక్‌పోస్టు దగ్గర ఎందుకు నిలబడుతుంది? ఆ రైతు కష్టం వేరు, నా కష్టం వేరు కాదు.

దేశంలో మామిడి గుజ్జుకు పెద్ద కేంద్రాలు రెండు. ఒకటి మన చిత్తూరు, రెండోది తమిళనాడులోని కృష్ణగిరి. ఇక్కడ డ్రమ్ముల్లో నింపిన గుజ్జు గల్ఫ్‌కు, యూరప్‌కు పోతుంది. ఫ్యాక్టరీ పెట్టేవాళ్లు హైవే, కరెంటు, చెన్నై రేవు చూసుకుని స్థలం ఎంచుకుంటారు. దాన్ని నేను తప్పుపట్టను. కానీ క్రిములు లేకుండా వేడిచేసి, గాలి చొరని సంచుల్లో నింపిన గుజ్జు ఫ్రిజ్ లేకుండానే ఏడాదికి పైగా నిలుస్తుంది. ట్రాలీలో కుప్పపోసిన కాయ మూడురోజులు కూడా ఆగదు. మరి ఆ రెండింటిలో దేన్ని దగ్గర్లో ఉంచుకోవాలి?

ఇంకో లెక్క చూడండి. పది టన్నుల కాయ పోతే గుజ్జయ్యేది సుమారు ఐదారు టన్నులు. మిగతాది తొక్క, టెంక. అంటే దాదాపు సగం బరువును ఊరికే మోయడానికి డీజిల్ తగలేస్తున్నాం. ఆ తొక్క, టెంక కుప్పలుపడి కుళ్లితే ఎలాంటి వాసన వస్తుందో సీజన్లో ఆ దారిన పోయేవాళ్లకు తెలుసు. అదే మా మండలంలో మిగిలితే ఎరువుకో, గ్యాస్ ప్లాంటుకో పనికొస్తుంది. నీళ్లదీ ఇదే వరస. కాయ కడగడానికి ఒక్కచోటే బోర్లన్నీ తోడితే చుట్టుపక్కల బోర్లు ఏమవుతాయో వేరే చెప్పక్కర్లేదు.

మా చిన్నోడు బెంగళూరులో ఆడిట్ పని చేస్తాడు. షేర్ మార్కెట్‌లోని మొదటి వెయ్యి పెద్ద కంపెనీలు పర్యావరణం, సమాజం పట్ల తమ బాధ్యత గురించి 2022-23 నుంచి ఏటా నివేదిక ఇవ్వాలని, షేర్ మార్కెట్‌పై అజమాయిషీ చేసే సెబీ నిబంధన ఉందని వాడే చెప్పాడు. మొదట తెచ్చిన ఫారంలో ఒక ప్రశ్న ఉండేది: మీ ముడిసరుకులో ఎంత శాతం అదే జిల్లా నుంచి, పక్క జిల్లాల నుంచి కొన్నారు? 2023లో దాన్ని మార్చి, దేశంలో నుంచి ఎంత కొన్నారు అని పెట్టారు. ఇది విన్నప్పుడు నాకు కడుపు మండింది. పక్క ఊరి కాయైనా, వెయ్యి కిలోమీటర్ల అవతలి కాయైనా ఆ గడిలో ఇప్పుడు ఒకటే. జిల్లా ప్రశ్నను సెబీ మళ్లీ తేవాలి. మన గుజ్జు కొనే జ్యూస్ కంపెనీలు కూడా, గేటు ముందు రైతు ఎన్ని గంటలు నిలబడ్డాడో ఫ్యాక్టరీని లెక్క అడగాలి.

మండలానికో గుజ్జు ఫ్యాక్టరీ పెట్టమని నేను అనడం లేదు. ఆ మెషీన్లు కోట్ల ఖరీదు, సీజన్ చూస్తే రెండు మూడు నెలలే. తోతాపురిని మేం పచ్చిగా కోస్తాం. ఫ్యాక్టరీలో కొన్నిరోజులు మాగబెట్టాకే గుజ్జు తీస్తారు. ఆ మాగబెట్టే పని, గ్రేడింగ్ పని మా దగ్గర జరిగితే చాలు. రైతు సంఘం షెడ్డులో కాయ మాగుతుంది. ఫ్యాక్టరీ ఫోన్ చేసిన రోజు, అడిగినంతే బయల్దేరుతుంది. మాగిన కాయ దారిలో నలుగుతుందని కొందరంటారు. కుప్పగా పోస్తే నలుగుతుంది, నిజమే. మరి మదనపల్లె టమోటా క్రేట్లలో ఎంతెంత దూరం పోవడం లేదు? చిన్న ఆహార యూనిట్లకు కేంద్రం 2020లో తెచ్చిన పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రాయితీ పెట్టారు. అలాంటి సాయం ఈ షెడ్డులకూ అందాలి. ఇక మీదట కొత్త ఫ్యాక్టరీకి భూమి, రాయితీలు ఇచ్చేముందు తోటలు ఎక్కడున్నాయో, అక్కడ భూగర్భజలం ఎంతుందో అధికారులు మ్యాపు ముందేసుకుని చూడాలి.

మా ఊరి దగ్గర వాడకుండా పడున్న గోడౌను ఒకటుంది. రేకులు గట్టిగానే ఉన్నాయి, లారీ తిరగడానికి జాగా ఉంది. జనవరికి పూత, జూన్‌కి కోత. ఉద్యానశాఖ నుంచి ఎవరైనా చూడటానికి వస్తామంటే తాళం తెప్పించి నేనే దగ్గరుండి చూపిస్తాను.

ఇట్లు,
ఒక మామిడి రైతు,
వెదురుకుప్పం మండలం, చిత్తూరు జిల్లా