మీవాడు తెచ్చిన ఎండు కంకుల సంగతి

ఒరేయ్,

చెల్లెమ్మ థైరాయిడ్ మాత్ర ఆపేసి ఎండు కంకుల కషాయం తాగుతోందని రాస్తూ నువ్వు పంపిన ఫోటో రాత్రే చూశాను. ఫోన్లో చెబితే సగం విని "సరేలే" అంటావని ఇలా తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. మీవాడు చైనా నుంచి సెలవులకొస్తూ తెచ్చిన ఆ కంకుల్ని అక్కడ షియా కూ త్సావ్ అంటారు. వేసవికి వాడిపోయే గడ్డి అని అర్థం. కంకి గోధుమరంగుకు తిరిగాక కోస్తారు. పుస్తకాల్లో పేరు ప్రునెల్లా వల్గారిస్. మన తులసి, పుదీనాల కుటుంబమే, కశ్మీర్లోనూ పెరుగుతుంది. గ్వాంగ్‌డాంగ్ వైపు ఎండలకి తాగే చలవ కషాయాల్లో వేస్తారు. కాబట్టి విషమేదో తెచ్చాడని పిల్లాణ్ణి తిట్టకు.

వాళ్ల పాత మూలికా గ్రంథం షెన్‌నోంగ్ బెన్‌త్సావ్ జింగ్‌లోనే మెడ గడ్డలకి దీన్ని చెప్పారు. కాలేయంలో వేడి పుట్టి మెడ దగ్గర ముడి కడుతుంది, ఇది వేడి దించి ముడి విప్పుతుంది. అదీ వాళ్ల లెక్క. మనవాళ్లు గండమాలకి, అంటే మెడ గడ్డలకి, కాంచనార గుగ్గులు అనే ఆయుర్వేద మందు ఇచ్చినట్టే అనుకో. చెల్లెమ్మకున్న హషిమోటో జబ్బు (ఒంటి రక్షణ కణాలే మెడలోని థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీయడం) సంగతి మాత్రం 1912లో గానీ బయటపడలేదు. హషిమోటో అనే జపాను డాక్టరు నలుగురు ఆడవాళ్ల థైరాయిడ్ గ్రంథుల్ని కోసి చూసి, లోపలంతా తెల్లకణాలు కిక్కిరిసి ఉన్నాయని రాశాడు.

అసలు తమాషా ఇక్కడుంది. థైరాయిడ్ హార్మోను తయారవ్వాలంటే హైడ్రోజన్ పెరాక్సైడ్ కావాలిరా. అవును, చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే కాంపౌండరు పోసేవాడే, బుసబుసా పొంగేది, అదే! గ్రంథి దాన్ని తనే పుట్టించుకుని, టీపీఓ అనే ఎంజైముతో అయోడిన్‌ను అతికిస్తుంది. పొద్దస్తమానం పొయ్యి మండే వంటిల్లన్నమాట. ఆ టీపీఓ మీదకే ఒంట్లోని రక్షణ కణాలు పగబడతాయి. చెల్లెమ్మ రిపోర్టులో "యాంటీ టీపీఓ" అని ఉన్నది ఆ పగతో ఒంట్లో తయారైన యాంటీబాడీలే. చేరిన కణాలు ఐఎల్-6, టీఎన్‌ఎఫ్ లాంటి వాపు పెంచే రసాయనాల్ని విడుదల చేస్తాయి. వాటితో ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే స్విచ్చి పడుతుంది. అది పడితే మరిన్ని కణాలు వస్తాయి. ఇక వాపు ఆగదు.

ఈ కంకుల్లో రోస్మరినిక్ ఆమ్లం, అర్సోలిక్ ఆమ్లం ఉన్నాయి. ప్రయోగశాలలో పెంచిన కణాల మీద ఇవి ఆ స్విచ్చిని అణిచాయి. థైరోగ్లోబులిన్ అనే థైరాయిడ్ ప్రొటీను సూది వేసి ఎలుకలకి ఇలాంటి జబ్బే తెప్పించి ఈ మూలిక పట్టిస్తే, వాటి యాంటీబాడీలు తగ్గాయి. బాగానే ఉంది కదా? అన్నట్టు, ఆ రెండు ఆమ్లాలూ మీ పెరటి తులసిలోనూ ఉన్నాయి. విమానం ఎక్కించక్కర్లేదు.

ఇప్పుడు నా గొణుగుడు కాస్త విను. ఈ మధ్య కంప్యూటర్లో మొక్క పేరూ జబ్బు పేరూ వేసి, మొక్కలోని పదార్థాలకీ జబ్బులోని రసాయనాలకీ గీతలు కలుపుతూ వల లాంటి బొమ్మ గీసి వ్యాసం రాసేస్తున్నారు. ఏ మొక్క వేసినా క్వెర్సిటిన్ అనే మొక్కల పదార్థం వస్తుంది, ఏ జబ్బు వేసినా టీఎన్‌ఎఫ్ వస్తుంది. మా కాలేజీలో పిల్లలు ఇలాంటి ప్రాజెక్టు పట్టుకొస్తే నేను అడిగేది ఒక్కటే: "నాయనా, ఆ క్వెర్సిటినే పరీక్షనాళికలో టీపీఓని ఆపేస్తుందని చదివావా?" వాపు తగ్గించేదే హార్మోను తయారీకీ అడ్డుపడొచ్చన్నమాట. ఎంత మోతాదులో, మనిషి ఒంట్లో ఏం చేస్తుందన్నది బొమ్మలో కనపడదు.

సరే, నిన్ను కోప్పడాల్సిన చోటికి వచ్చాను. "మాత్ర ఆపేసి పది రోజులైంది, కషాయం తోనే హాయిగా ఉంది" అని రాశావే, ఆ హాయి కషాయానిది కాదురా, పాత మాత్రలది! మాత్రలో ఉండే థైరాక్సిన్ హార్మోను ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు వారం పడుతుంది. పది రోజులకి ఇంకా మూడో వంతు పైచిలుకు మిగిలే ఉంటుంది. డబ్బా అడుగున బియ్యం ఉన్నన్నాళ్లూ కొట్టుకి వెళ్లకపోయినా అన్నం వండుకుంటాం కదా, అంతే. నెల తిరిగేసరికి కాళ్లు బరువెక్కి, నిద్ర ముంచుకొచ్చి, అప్పుడు వాతావరణాన్ని తిట్టుకుంటారు. చైనా ఆసుపత్రుల్లో కూడా ఈ మూలికని థైరాక్సిన్‌తో కలిపే ఇచ్చి చూశారు. వాపు చల్లారినా, ఇప్పటికే పాడైన గ్రంథి మళ్లీ మొలవదుగా.

రేపొద్దున్నే పరగడుపున మాత్ర వేయించు. కాఫీ అరగంట నుంచి గంట దాకా ఆగాలి, చెల్లెమ్మకి కష్టమే, నాకు తెలుసు. కషాయం పక్కన పెట్టి, పొట్లం డాక్టరుకి చూపించు, పది రోజులు మాత్ర మానిన సంగతి దాచకుండా చెప్పు. టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష ఇప్పుడే చేయించి కంగారు పడకండి, మాత్ర మళ్లీ మొదలెట్టాక ఆరు నుంచి ఎనిమిది వారాలకి చూస్తే లెక్క తేలుతుంది.

మిగిలిన కంకులు పారేయొద్దు. వచ్చే ఆదివారం మేమిద్దరం వస్తున్నాం. గుప్పెడు నాకివ్వు, క్లాసులో పిల్లలకి చూపిస్తా. గోంగూర పచ్చడి మాత్రం చెల్లెమ్మ చేతిదే కావాలి.

నీ
బెంచీ మేటు