మధ్యమం దిగిన చోట

చిరంజీవి అమ్ముకు,

నాన్న ఆశీస్సులు. నిన్న ఫోనులో నీ గొంతు విన్నాక రాత్రి అన్నం సహించలేదు. ఫిడేలు మీద ఆరభి రాగం ఆలాపన చేస్తూ, దాని పోలికే ఉన్న దేవగాంధారిలోకి జారావని మాస్టారు అందరి ముందూ కమాను ఆపించారన్నావు. ఆయన్ని నేను తప్పుపట్టను. ఆరభిలో దేవగాంధారి వాసన తగిలితే మీ తాతయ్య కూడా హార్మోనియం తిత్తి మీద నుంచి చెయ్యి తీసేసేవాడు. పద్యనాటకాలకు ముప్పై ఏళ్ళు వాయించిన మనిషి. కానీ ఏడుపు మధ్యలో నువ్వొక మాట అడిగావు: "రాగం దాటడం ఒప్పయిన చోటు లోకంలో ఎక్కడైనా ఉందా నాన్నా?" అని. ఉంది. అక్కడ పద్దెనిమిదేళ్ళు చెక్కపని చేసి వచ్చాను. ఫోనులో చెప్పడం చేతకాక ఈ ఉత్తరం.

కువైట్‌లో మా వర్క్‌షాపు పక్కన హలబ్ నుంచి వచ్చిన ముసలాయన, అరబ్బుల తీగవాద్యాలైన ఊద్‌లు బాగుచేసేవాడు. పటంలో అలెప్పో అని ఉంటుంది, అదే ఆ ఊరు. అందరూ ఆయన్ని "అమ్మో" అని పిలిచేవారు. మొదటి రోజు ఎవరో అలా కేకవేస్తే చేతిమీద రంపం పడిందేమోనని పరుగెత్తాను. అరబ్బీలో బాబాయి అని అర్థమట. నీ ముద్దు పేరు చెబితే ఆయన కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు.

ఊద్ మన బొబ్బిలి వీణలా పనస దుంగను తొలిచి చేసేది కాదు. పలుచని బద్దలను వేడికి వంచి, ఒకదాని పక్కన ఒకటి అతికిస్తారు. మా స్నేహం ఆ బద్దల దగ్గరే కుదిరింది. దాని మెడ మీద మెట్లు ఉండవు. ఉంటే వాళ్ళ సంగీతం సాగదు. మకామ్ అంటే వాళ్ళ రాగం అనుకో. బయ్యాతీ అనే మకామ్‌లో రిషభం మన శుద్ధ రిషభానికీ చతుశ్రుతి రిషభానికీ నడుమ ఉంటుంది. తాతయ్య హార్మోనియంలో దానికి మెట్టే లేదు. మొదట్లో నాకది శ్రుతి తప్పినట్టు వినిపించేది. ఆరు నెలలు పోయాక మన రిషభమే బోసిగా తోచింది. 1932లో కైరోలో పెద్ద సంగీత మహాసభ జరిగింది. యూరప్ నుంచి హంగేరీ స్వరకర్త బార్తోక్ వంటివారు కూడా వచ్చారు. స నుంచి పై స దాకా ఉండే స్థాయిని 24 సమానమైన పాళ్ళుగా కోసేద్దామా అని అక్కడ వాదించుకున్నారు, తేలలేదు. హలబ్ వారు పలికే చోటు కైరో వారికన్నా ఒక వెంట్రుక ఎక్కువని అమ్మో గొప్పగా చెప్పుకునేవాడు. ఆ వెంట్రుకను ఏ కొలబద్ద కొలుస్తుంది?

సాయంత్రం పని ముగిశాక ఆయన తక్సీమ్ ఎత్తుకునేవాడు. తాళం లేకుండా, ముందుగా అనుకోకుండా, మన ఆలాపనలాగే సాగుతుంది. తేడా లోపల ఉంది. మకామ్‌ను వాళ్ళు ఏడు స్వరాల వరుసగా కాక మూడు, నాలుగు, అయిదు స్వరాల ముక్కలుగా చూస్తారు. ఆ ముక్క పేరు జిన్స్. కింది ముక్క, పై ముక్క కలిసే స్వరాన్ని గమ్మాజ్ అంటారు, కన్నుగీటేది అని. నా నోటికి అది మడతబందు. బయ్యాతీలో అది మధ్యమం. ఆయన వేళ్ళు ఆ మధ్యమం చేరి, అక్కడే తచ్చాడి తచ్చాడి, అదే ఇల్లు అనిపించేలా చేసేవి. అప్పుడు దాని మీద హిజాజ్ అనే మరో జిన్స్ లేచేది. మాయామాళవగౌళ మొదటి నాలుగు స్వరాలు తలచుకో, ఇంచుమించు ఆ పోలిక.

నన్ను కూర్చున్నచోటే కూలేసింది అది కాదు, సబా అనే మకామ్. బయ్యాతీ షడ్జం, నడిమి రిషభం, సాధారణ గాంధారం అలాగే ఉంటాయి. మధ్యమం ఒక్కటే మన అంతర గాంధారం ఉండే చోటికి దిగుతుంది. అంతే! మడతబందు ఊడిన తలుపు చూశావా, అలా వేలాడుతుంది రాగమంతా. నవ్వుతున్న మనిషి మాట మధ్యలో గొంతు పూడినట్టు ఉంటుంది. ఇది రాగమాలిక కాదు. అందులో ఒకటి ముగించి మరొకటి ఎత్తుకుంటాం. గ్రహభేదమూ కాదు. అందులో స్వరాలు కదలవు, షడ్జం మారుతుంది. ఇక్కడ షడ్జం ఉన్నచోటే ఉంది, దాని చుట్టూ ఇల్లు మారింది.

అలా ఊరంతా తిరిగి మళ్ళీ బయ్యాతీ షడ్జం మీద వాలడాన్ని కఫ్లా అంటారు. తాళం వేయడం అనుకో, తలుపు తాళం. అది సరిగ్గా పడితే చుట్టూ ఉన్న నలుగురూ ఒక్కసారిగా "అల్లాహ్" అనేవారు. మన పద్యానికి "వన్స్ మోర్" పడ్డట్టే. ఈజిప్టు గాయని ఉమ్మ్ కుల్సూమ్ కచేరీ నెలలో మొదటి గురువారం కైరో రేడియోలో వచ్చేదట. జనం అరిచినకొద్దీ ఆమె ఒకే పాదాన్ని మళ్ళీ మళ్ళీ, ప్రతిసారీ మరోలా పాడేది. 1975లో పోయింది కానీ, కువైట్ టాక్సీల్లో రాత్రి పూట నేను విన్నది ఆమె గొంతే.

అమ్మో మీ మాస్టారికన్నా మెత్తనివాడేమీ కాదు. ఒకసారి ఒక కుర్రవాడు వచ్చి నిమిషంలో నాలుగు మకామ్‌లు చుట్టేశాడు. ఈయన ఊద్ లాక్కుని, "ఇంకా ఇల్లే చూపించలేదు, కిటికీలన్నీ తెరుస్తావేం?" అన్నాడు. మొదటి మకామ్ వాయించేవాడి ఒంటికి పట్టాలి. ఆ మత్తుకు సల్తనా అని పేరు. అది పట్టకముందు గడప దాటేవాడు ఆయన లెక్కలో పనిరానివాడు. అసలు దాటనివాడూ అంతే. నువ్వు దేవగాంధారిలోకి వెళ్ళలేదమ్మా, జారావు. వెళ్ళి ఉంటే ఆ క్షణంలోనే నీకు తెలిసేది.

వాళ్ళూ ఫిడేలును తెల్లవాళ్ళ దగ్గరే తీసుకున్నారు. శ్రుతి చేసేది మన స-ప-స-ప వరుసలోనే. అందుకని ఒక పని చెయ్యి. ఆదివారం గది తలుపు వేసుకుని, ఆ నడిమి రిషభం వెతుకు. దొరికాక స-రి-గ-మల్లో పావుగంట తిరుగు, తొందరపడకు. ఆ తర్వాత మధ్యమాన్ని దించు. ఫోను పక్కన పెట్టి రికార్డు చేసి పంపు. మాస్టారి ముందు మాత్రం ఆరభి ఆరభిలాగే ఉండాలి.

మెస్ డబ్బులు శుక్రవారం వేస్తాను. అమ్మ ఉసిరి పచ్చడి కట్టి ఉంచింది, ఎవరైనా వస్తుంటే చెప్పు.

ఇట్లు,
మీ నాన్న