వయోలా వాయించే అమ్మాయికి

విజయనగరం

చిరంజీవి బుజ్జికి నాన్న ఆశీర్వదించి వ్రాయునది.

మేమిద్దరం ఇక్కడ క్షేమం. నువ్వు ఫోను చేసి మూడు ఆదివారాలైందని అమ్మ లెక్క పెట్టుకొంటోంది. నేను లెక్క పెట్టడం లేదు. ప్రత్యేకించి అడగవలసినదేమీ లేదు. క్రితంసారి నువ్వు చెప్పిన క్రోనోస్ క్వార్టెట్ (మీ నలుగురిలాగే రెండు ఫిడేళ్ళు, వాటికన్నా కాస్త పెద్దదైన వయోలా, బాగా పెద్దదైన సెల్లో వాయించే అమెరికా బృందం) గురించి నాలుగు రోజులుగా చదువుతూ, వింటూ ఉన్నాను కనుక ఆ సంగతులే వ్రాద్దామని కూర్చున్నాను.

డేవిడ్ హారింగ్టన్ గారు 1973లో సియాటిల్‌లో ఆ బృందాన్ని కట్టడానికి కారణం, వియత్నాం యుద్ధకాలంలో స్వరకర్త జార్జ్ క్రంబ్ వ్రాసిన ‘బ్లాక్ ఏంజెల్స్’ను రేడియోలో వినడమేనట. నేనూ విన్నాను. ఫిడేళ్ళు కీచురాళ్ళలా రొద పెడుతుంటే అమ్మ వంటింట్లోంచి వచ్చి మిక్సీ పాడైందా అని అడిగింది. రెండోసారి భయం వేసింది. మూడోసారి మాత్రం, గాజు గ్లాసుల అంచుల మీద కమాను లాగి పుట్టించిన నాదం మీద సెల్లో ఒక్కటే పాడే చోట, చేతిలోని పేపరు పక్కన పెట్టేశాను.

వాళ్ళు మొట్టమొదట ఒక స్వరకర్త చేత కొత్త రచన చేయించుకొని, పారితోషికంగా ఒక సంచెడు డోనట్లు ఇచ్చారట. ఇప్పటికి అలా చేయించుకొన్నవి వెయ్యి దాటాయంటే ఆశ్చర్యమే. అయితే డోనట్లతో స్వరకర్త కడుపు నిండవచ్చు గాని, వాయించేవారి ఇంటి అద్దె ఎవరు కడతారు? ఇది నిన్ను ఉద్దేశించి అన్నది కాదు. బాబ్జీ ఏదో అన్నాడని పార్వతీపురం అత్తయ్య మొన్న ఫోనులో నసిగింది. నేను పట్టించుకోలేదు. కానీ అమెరికాలో నీ వీసా మీద ఉన్నవారు ఉద్యోగం మానితే మరో దారి చూసుకోవడానికి 60 రోజులే గడువని, ఆరోగ్య బీమా కూడా ఉద్యోగంతోనే ముడిపడి ఉంటుందని నీకు తెలియనిది కాదు.

వాళ్ళు చేసిన పనులన్నిటిలో నాకు నచ్చింది, నేర్చుకొనే పిల్లల కోసం 50 కొత్త రచనలు చేయించి, వాటి నొటేషన్‌ను ఎవరైనా ఉచితంగా తీసుకొనేలా ఉంచడం. అందులో జాకిర్ హుస్సేన్ గారిది ఒకటుంది, పేరు ‘పల్లవి’. శనివారం పిల్లలకు నువ్వు నేర్పుతున్నది అదేనా? నేర్పేటప్పుడు విసుక్కోకు, నీకు ఆ గుణం మీ అమ్మ వైపు నుంచి వచ్చింది. 1919లో మన సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరడానికి వచ్చి ఆచార్యుడైపోయిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి ఊరి పిల్లవు, ఫిడేలు వదిలి వయోలా పట్టినా నాకు బాధ లేదు. అయితే నాయుడుగారికి నెల జీతం ఉండేది.

నలుగురు కలిసి వాయించడమంటే నాకు అత్తయ్య పెళ్ళే గుర్తుకు వస్తుంది. బొబ్బిలి నుంచి మేళం వచ్చింది: సన్నాయి ఇద్దరు, డోలు ఒకరు, శ్రుతిపెట్టెకు ఒక కుర్రవాడు. ముందు రాత్రి పెద్దనాన్న సంభావన మొత్తం పెద్ద సన్నాయి ఆయన చేతిలో పెట్టడంతో వాటాల దగ్గర మాటా మాటా పెరిగి, డోలు ఆయన డోలు భుజాన వేసుకొని వెళ్ళిపోయాడు. ముహూర్తం తెల్లవారుజామున. తాతగారు నన్ను సైకిలు మీద స్టేషనుకు తరిమారు. బెంచీలన్నీ వెతికాను, మనిషి లేడు. వస్తుంటే గొలుసు ఊడి చేతులంతా నూనె. నేను పందిట్లో అడుగుపెట్టేసరికి జీలకర్రా బెల్లం వేళైంది. పురోహితుడు గారు వేలెత్తి గట్టిమేళం అన్నారు. సన్నాయి ఒక్కటే బోసిగా లేచింది. అంతలో వీధి చింతచెట్టు కిందినుంచి డోలు అందుకొంది! ఆయన వెళ్ళనే లేదు. రాత్రంతా అక్కడే అలిగి కూర్చున్నాడు. పందిరి వైపు చూడకుండానే తాళి కట్టేదాకా వాయించి, తరువాత పంక్తిలో నెయ్యి చాలలేదని మరో తగవు పెట్టుకొన్నాడు.

మీ నలుగురి మధ్య డబ్బు సంగతి ముందే కాగితం మీద పెట్టుకోండని చెప్పడానికి ఈ కథ ఎత్తుకొన్నాను. అది ఎటో పోయింది. అయినా పెట్టుకోండి. క్రోనోస్‌లో నాలుగున్నర దశాబ్దాలకు పైగా వయోలా వాయించిన హాంక్ డట్ గారు, మరొక వయొలిన్ విద్వాంసుడు 2024లో ఒకేసారి విరమించారు; కొత్తవారు వచ్చారు, బృందం నడుస్తోంది. వాళ్ళ వెనుక ఒక సంస్థ ఉంది, లెక్కలు చూసేవారు ఉన్నారు. మీకు ఎవరున్నారు?

ఎడమ భుజం నొప్పి తగ్గిందా? వయోలా ఫిడేలు కంటే బరువు కదా, గంటకోసారి దించు. సత్యవతిగారి అబ్బాయి వస్తున్నాడు, ఆవకాయా నువ్వుల నూనే పంపుతున్నాను. నూనె భుజానికి, కూరలో వేసేయకు.

ఆదివారం మీ పొద్దున్న, మాకు రాత్రి, ఫోను దగ్గరే ఉంటాను. ఉద్యోగం మాట నేను ఎత్తను, నువ్వే చెప్పు. మీరు సాధన చేస్తున్న కొత్త రచన రికార్డు చేసి ఉంటే పంపు. పోయినసారి పంపినదాంట్లో నీ వాద్యం సరిగా వినపడలేదు, ఈసారి మైకు నీ వైపు పెట్టమను.

నాన్న