"లైక్లీ వస్తా" అంటే ఎంత వస్తావురా?

ఒరేయ్ శీనూ,

మొన్న రాత్రి నీ మెసేజ్ చూశా. "సంక్రాంతికి లైక్లీ వస్తా" అని ఒక్క ముక్క పడేసి నువ్వు హాయిగా ఆఫీసుకి పోయావు. ఇక్కడ ఏం జరిగిందో విను. అమ్మ పక్కనే ఉంది. "ఏమంటున్నాడు?" అనడిగితే "రావచ్చు అంటున్నాడు" అన్నా. తెల్లారేసరికి అరిసెలకి ఎన్ని కిలోల బెల్లం పడుతుందో పిన్నితో ఫోన్లో లెక్కలు మొదలయ్యాయి. నాన్నేమో "రావచ్చు అన్నాడంటే రాడనే" అని పేపర్లో మొహం పెట్టేసుకున్నారు. మీరిద్దరూ నన్నే చూస్తున్నారేంటి, మాట నాది కాదు కదా అన్నా వినరు. ఇంగ్లీషు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ని, నీ లైక్లీ సంగతి తేల్చకుండా ఎలా ఊరుకుంటాను?

అసలు నాన్నకి ఆ మాట మీద పాత కోపం ఉంది, అది నా వల్లే. నిరుడు కోతలప్పుడు పనలు ఇంకా చేలోనే ఉన్నాయి. ఫోన్లో వాతావరణ శాఖ బులెటిన్ ఇంగ్లీషులో వచ్చింది, భారీ వర్షం లైక్లీ అని. నేను పెద్ద పండితుడిలా "పడుతుంది నాన్నా" అని చెప్పేశా. రాత్రికి రాత్రి కూలీలని బతిమాలి, డబుల్ ఇచ్చి కుప్ప వేయించాం, పరదాలు కప్పాం. మర్నాడు కళ్లు చెదిరే ఎండ! తర్వాత తీరిగ్గా ఆ బులెటిన్ చివర ఉన్న చిన్న పట్టిక చూశా. 25 శాతం లోపు అయితే అన్‌లైక్లీ, 25 నుంచి 50 అయితే లైక్లీ, 50 నుంచి 75 అయితే వెరీ లైక్లీ, అది దాటితే మోస్ట్ లైక్లీ. అంటే వాళ్ల లెక్కలో ఉత్త లైక్లీ సగానికి లోపేరా! వాళ్లు స్పష్టంగానే రాశారు, నేనే చదవలేదు. ఈ మాట నాన్నకి ఇప్పటిదాకా చెప్పలేదు, నువ్వు చెప్పకు.

ఇంకో తమాషా ఉంది. వాతావరణ మార్పుల మీద పెద్ద పెద్ద నివేదికలు రాసే ఐపీసీసీ వాళ్లకి లైక్లీ అంటే కనీసం 66 శాతం. వెరీ లైక్లీ అంటే 90. మాట్లాడేది అదే ఆకాశం గురించి, వాడేది అదే మాట, అంకెలు మాత్రం ఎక్కడా కలవవు. మరి నీ లైక్లీ ఏ పట్టికలోది?

ఈ తంటా మన ఒక్కళ్లదే అనుకోకు. 1951లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ వాళ్లు యుగోస్లావియా మీద దాడి జరగడానికి "సీరియస్ పాసిబిలిటీ" ఉందని రాశారు. ఆ పని చూసే షెర్మన్ కెంట్‌ని ఒక అధికారి మాటల మధ్యలో "అంటే ఎంత?" అనడిగాడు. "నూటికి 65 దాకా" అన్నాడీయన. అవతలాయన కంగారు పడ్డాడు, తను అంతకన్నా చాలా తక్కువనుకున్నాడట. అనుమానమొచ్చి కెంట్ తనతో కలిసి ఆ కాగితం రాసినవాళ్లనే అడిగితే, ఒకరు 20 అన్నారు, ఒకరు 80 అన్నారు. అందరూ తలూపి ఒప్పుకున్న వాక్యమే అది! 1964లో ఆయన ఒక వ్యాసం రాసి, ప్రాబబుల్ అంటే 75కి అటూ ఇటూ అని మాటలకి అంకెలు కట్టాడు. అంకెలు వద్దు, మాటలే ముద్దు అనేవాళ్లకి కవులని పేరు పెట్టాడు. ఆ లెక్కన నువ్వు మహాకవివి.

ఇక అసలు నాకు నచ్చిన సంగతి. లైక్లీలో ఉన్నది "లైక్" కదా, అంటే పోలిక. జరిగేదానిలా కనిపిస్తోంది అని దాని భావం. మన అమ్మమ్మలు మబ్బు చూసి "వాన వచ్చేలా ఉందే" అంటారే, ఆ "లా" ఏమిటనుకున్నావు? అదే పోలిక! ఇన్నాళ్లూ పిల్లలకి లైక్లీ అంటే "బహుశా" అని బోర్డు మీద రాశాను, సిగ్గేసింది. బహుశా కన్నా "లా ఉంది" ఎంత దగ్గరగా ఉందో చూడు. చూసి చెప్పే మాట అది, ఊహించి చెప్పేది కాదు. "అవకాశం ఉంది" అని రాస్తే మరీ ఇబ్బంది. వరద వచ్చే అవకాశం, ఇల్లు కూలే అవకాశం! అలాంటి చోట ప్రమాదం అనాలి. లైక్లీకి మంచీ చెడూ పట్టింపు లేదు, మన అవకాశానికి ఉంది.

వాడుక సంగతి కూడా ఒకటి. "హీ ఈజ్ లైక్లీ టు కమ్" అంటే ఎవరూ వంక పెట్టరు. "హీ విల్ లైక్లీ కమ్" అనేది ఎక్కువగా అమెరికా వాడుక, బ్రిటిష్ వాళ్లు అక్కడ ప్రాబబ్లీ అంటారు, లేదా ముందు వెరీ తగిలిస్తారు. నీ "లైక్లీ వస్తా" విని నువ్వు పూర్తిగా డాలస్ వాడివైపోయావని తెలిసింది. ఎవడైనా కట్టుకథ చెబితే "ఎ లైక్లీ స్టోరీ!" అంటారు, మనం "ఆఁ, నమ్మాంలే" అన్నట్టు. నువ్వు నిరుడు లీవు దొరకలేదన్నప్పుడు నేను అనాల్సిన మాట అది.

లెక్కలవాళ్ల గోల వేరే. ఫిషర్ అనే ఆయన వందేళ్ల కిందట లైక్లీహుడ్ వేరు, ప్రాబబిలిటీ వేరు అని గీత గీశాడు. నాణెం మోసం లేని మంచిదని తెలిసి పదిసార్లు ఎగరేస్తే ఏడు బొమ్మలు పడే వీలు ఎంతుందనేది ప్రాబబిలిటీ. ఏడు పడ్డాక, ఇదసలు ఎలాంటి నాణెం అయ్యుంటుందని వెనక్కి చూడ్డం లైక్లీహుడ్. ఆయన దగ్గరే మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారు కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేశారు, అంతకుముందు చదివింది మన వాల్తేరు ఆంధ్రా యూనివర్సిటీలో. 2023లో, 102 ఏళ్ల వయసులో పోయారు. నీ కేసులో ప్రాబబిలిటీ అక్కర్లేదు, గత నాలుగు సంక్రాంతులూ రాలేదు కాబట్టి నువ్వెలాంటి నాణానివో తేల్చడమే మిగిలింది.

సరే, కవిత్వం ఆపి ఒక అంకె రాయి. 75 దాటితే అమ్మ బియ్యం నానబోస్తుంది. 50 అయితే బెల్లం తెచ్చి పెడతాం, పాకం పట్టం. 25 అయితే ముందే చెప్పు, పిన్నికి నేనే ఫోన్ చేసి ఏదో ఒకటి చెప్పుకుంటా. నాన్నకి మాత్రం అంకె సరిపోదు, టికెట్ ఫొటో కావాలట.

నీ,
రాంబాబు